పడవ మీద పది రోజులు

“పడవా? అందులో అగ్గిపెట్టెలో పుల్లల్లా పడుకోవాలి. రిసార్టే తీసుకోండి,” అంది బెర్టీన్, బిస్కెట్ల డబ్బా మూత తీస్తూ.

కూతురు మార్లూస్ ఒకటి తీసుకుంది, అల్లుడు యోరిట్ ఒకటి. మూత పడింది. ఆ ఇంట్లో ఆదివారం కాఫీకి ఒక్కటే బిస్కెట్టు. మామగారు ఉన్న రోజుల్లోనూ అంతే.

యోరిట్ టాబ్లెట్‌ను భార్య వైపు తిప్పాడు. నవంబరులో రాజా అంపాట్ దీవులకు వెళ్ళి డైవింగ్ చేయాలని ఇద్దరూ మూడేళ్ళుగా అనుకుంటున్నారు. శనివారం శనివారం తమ ఊరి దగ్గరి ఊస్టర్‌స్కెల్డె సముద్రపాయ చన్నీళ్ళలో, ముందు ఈదేవాడి కాళ్ళు కూడా కనిపించని బురదలో దిగేవాళ్ళకు ఆ దీవుల నీళ్ళు కలలోకి వస్తాయి.

తేలాల్సింది ఒక్కటే. దీవి మీద రిసార్టులో ఉండి రోజూ డైవింగ్‌కు వెళ్ళి రావాలా, లేక పది రోజులూ పడవలోనే తిని, పడుకుని, మునగాలా? మార్లూస్ రిసార్టు అంటుంది. యోరిట్ పడవ అంటాడు. పడవలో రోజుకు నాలుగుసార్లు మునగొచ్చని అతడు చెబుతాడు గానీ అసలు కారణం అది కాదు. అసలు కారణం అత్తగారు.

మామగారు పోయాక నాలుగేళ్ళలో నాలుగు సెలవులకు వెళ్ళారు. నాలుగింటికీ బెర్టీన్ వచ్చింది. పిలిచింది మార్లూసే. తల్లిని ఒంటరిగా వదిలి వెళ్ళడానికి ఆమెకు మనసొప్పదు. రోజూ సాయంత్రం ఏడింటికి తల్లికి ఫోను చేస్తుంది. మూడో రింగుకు ఎత్తకపోతే కారు తీస్తుంది. తల్లి ఇంట్లో తండ్రి కుర్చీని కిటికీ దగ్గర నుంచి జరపనివ్వదు. భార్యతో పది రోజులు, ఇద్దరంటే ఇద్దరే, గడపాలన్నది యోరిట్ కోరిక.

“రిసార్టులో మీకు తోచదేమో, బెర్టీన్,” అన్నాడు.

“నాకా? టోపీ కొనేశాను. ఈతబట్టలు కూడా.”

మార్లూస్ కాఫీ కలపడం ఆపింది. “నువ్వూ వస్తున్నావా?”

“ఎప్పుడు రాలేదే? మీ గదిలోనే ఓ మంచం వేయించండి, చాలు. వేరే గది దండగ. గురక సంగతంటావా, రోజంతా నీళ్ళలో ఉండి వస్తారు, మీకేం వినపడుతుంది?”

“అమ్మా...”

“ఆల్ట్యె కూడా వస్తానంటోంది. సాయంత్రాలు నలుగురం పేకాడుకోవచ్చు.”

“ఆవిణ్ణి ఎవరు పిలవమన్నారు?”

“పక్కింటావిడేగా, పాపం. మోకాళ్ళ నొప్పులు. ఇసకలో నడవాలంటే యోరిట్ చెయ్యి పట్టుకుంటాడులే. అన్నట్టు, నీళ్ళలోంచి ఎన్నింటికి పైకొస్తారో ముందే చెప్పాలి. తువాలు పట్టుకుని ఒడ్డునే నిలబడతాను. ఐదు నిమిషాలు దాటిందా, మనుషుల్ని పంపిస్తాను.”

మార్లూస్ మొగుడి వైపు చూసింది. ఇంతకన్నా అదను దొరకదనుకున్నాడు యోరిట్.

“పడవైతే ఒకటే ఇబ్బంది,” అన్నాడు, తనకూ కష్టంగానే ఉన్నట్టు. “డైవింగ్ సర్టిఫికెట్ లేనివాళ్ళను ఎక్కించుకోరు.”

అలాంటి పడవ కోసం అతడు మూడు వారాలు వెతికాడు.

“ఒక్కదాన్ని కూడానా? వంటలో సాయం చేస్తానన్నా?”

“కనీసం యాభైసార్లు మునిగినట్టు డైవింగ్ పుస్తకంలో రాసి ఉండాలి.”

“నేను మునిగింది స్నానాల తొట్టిలోనే!” అంది బెర్టీన్. పెదవి కొరుక్కుంది. “పోనీ, ఫోనన్నా పలుకుతుందా?”

“రేవు దాటితే పలకదు. పదో తేదీ ఎక్కితే ఇరవైన దిగేదాకా అంతే.”

మార్లూస్ కప్పు పక్కకు జరిపింది. “పది రోజులు ఫోను లేకుండానా? అమ్మకేమైనా అయితే?”

యోరిట్ మూడు వారాల శ్రమ ఆ ఒక్క మాటతో పోయేలా ఉంది.

“నేను చెప్పేదీ అదే,” అంది బెర్టీన్. “రిసార్టయితే ఏడింటికి నువ్వు ఫోను చేసే పని కూడా ఉండదు. నీ పక్క మంచం మీదే ఉంటాను. పొద్దున మెలకువ రాగానే కబుర్లు మొదలుపెట్టుకోవచ్చు. నేను ఐదింటికే లేస్తాను.”

మార్లూస్ టాబ్లెట్‌ను తన వైపు లాక్కుంది.

“పడవ,” అంది మార్లూస్.

“నిజంగానా?”

“నిజంగానే, అమ్మా. ఒక్కసారికి. ఏమీ అనుకోకు.”

“అనుకోవడానికేముంది? మీ సెలవు, మీ ఇష్టం.” బెర్టీన్ లేచి గోడ క్యాలెండర్ దగ్గరకు వెళ్ళింది. “పది నుంచి ఇరవై అన్నావు కదూ, యోరిట్?” అని పెన్నుతో గీత గీసింది. తిరిగొచ్చి డబ్బా మూత మళ్ళీ తీసింది. “తీసుకోండి. ఇంకొకటి తీసుకోండి.”

ఆ ఇంట్లో రెండో బిస్కెట్టు తినడం యోరిట్‌కు అదే మొదలు. ఇంత బాధలోనూ తమకు మర్యాద చేస్తోందని జాలిపడ్డాడు. అయినా తిన్నాడు.

కారెక్కాక మార్లూస్ సీటు బెల్టు పెట్టుకోలేదు. “టోపీ కూడా కొనుక్కుంది, చూశావా? మనం చేసింది తప్పేమో.”

“వచ్చే వేసవిలో తీసుకెళ్దాం,” అన్నాడు యోరిట్. ఆ మాట అనడానికి ఇప్పుడతనికి ఏమీ కష్టం కాలేదు. బండి తీయబోతుంటే టాబ్లెట్ టేబుల్ మీదే వదిలేసినట్టు గుర్తొచ్చింది. “ఒక్క నిమిషం,” అని దిగి, ఇంటి వెనకకు నడిచాడు. ముందు తలుపు కొట్టేది ఆ వీధిలో పోస్టు మనిషి ఒక్కడే.

వంటింటి తలుపు ఓరగా ఉంది. బెర్టీన్ అటు తిరిగి, క్యాలెండర్ ముందు నిలబడి ఉంది. భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తోందనుకున్నాడు యోరిట్. పోనీ, రిసార్టే తీసుకుంటామని చెప్పేస్తే పోతుందని ఒక అడుగు లోపలికి వేశాడు. ఆమె చెవి దగ్గర ఫోను ఉంది.

“పడవే ఖాయం చేయించాను హూబ్, ఇక మన పెళ్ళి పదిహేనున పెట్టించెయ్!”