పూల్ చుట్టూ జాలీ

ఇంటి స్విమ్మింగ్ పూల్ చుట్టూ ఉన్న ఇనుప జాలీని ఊడదీయడానికి పనివాళ్లు మాస్కులతో వచ్చేసరికి, కనకవ్వ జాలీ గేటుకు అడ్డంగా కుర్చీ వేసుకుని కూర్చుంది.

కరోనాతో సూరత్‌లో క్లబ్బులన్నీ మూతపడితే, కొడుకు రవీందర్ నగర శివారు కడోదరాలోని ఇంట్లోనే ఈ పూల్ కట్టించాడు. చిన్న కూతురికి తనే ఈత నేర్పాడు. ఇక జాలీ అవసరం లేదని, అది ఇంటికి జైలు కళ తెస్తోందని అతని గోల.

"అవ్వా, జర లే. పోరికి ఈతొచ్చింది గదా!"

"రానీ. జాలీ మాత్రం తియ్యనియ్య."

"నీకు నీళ్లంటే భయం. గందుకే అందర్ని భయపెడ్తున్నవ్."

కనకవ్వ లేచింది. గేటు తీసుకుని లోపలికి వెళ్లి, కొంగు నడుముకు బిగించి నీళ్లలోకి దూకింది. చీరతోనే ఆ చివరిదాకా ఈది, అలుపు లేకుండా తిరిగి వచ్చింది. తల్లి ఈదడం రవీందర్ ఎన్నడూ చూడలేదు.

ఆమె బయటికి వచ్చి గేటు గడియ వేసింది. నీళ్లు కారుతున్న చీరతోనే మళ్లీ కుర్చీలో కూర్చుంది.

"నీకంటె ముందు నాకో కొడుకుండె బిడ్డా. నీకెన్నడు చెప్పలే. వానికి ఈత నేనే నేర్పిన. నేర్చిండు గదా అని బాయికాడ ఒక్కన్నే ఇడిశిపెట్టిన."

రవీందర్ తల దించుకున్నాడు.

"ఇగ పిలువు నీ మనుషుల్ని. జాలీ మీద ఎవడు చెయ్యేస్తడో నేను జూస్త."