అన్నిటికీ ఒకటే ‘నైస్’

“నైస్!” అంటూ అమ్మ రెండు కాగితాలూ కూతురికి తిరిగిచ్చేసింది. చనిపోయిన నాన్న గురించి కూతురు రాసిన వ్యాసం అది. సాయంత్రంలోగా పత్రికకు పంపాలి.

“అప్పుడే చదివేశావా? మందు సీసా మీది చీటీకే నీకు అరగంట పడుతుంది కదమ్మా!”

అరవై దాటాక అక్షరాలు నేర్చిన అమ్మ దొరికిపోయింది. “నాకొచ్చిన ఇంగ్లీషు మెప్పు అదొక్కటేనే. కూరకీ, కోడలి జడకీ, పక్కింటి పాపాయికీ అదే సరిపెడుతున్నా.”

“లాటిన్‌లో పుట్టినప్పుడు ఆ మాటకు ‘ఏమీ తెలియని’ అని అర్థం. వందల ఏళ్ళు నలిగాక ‘బాగుంది’ అయింది.”

“అయితే నా నోటికి తగిన మాటే పట్టుకున్నాను!”

ఇద్దరూ నవ్వారు. కూతురే ముందు ఆపింది. “నువ్వు చదవకుండా పంపలేనమ్మా. నాన్న గురించి నాకంటే నీకే ఎక్కువ తెలుసు.”

అమ్మ కళ్ళజోడు పెట్టుకుని, వేలితో ఒక్కో అక్షరం కూడబలుక్కుంది. మూడో పేరాలో వేలు ఆగిపోయింది.

“‘నాన్న ఏనాడూ గొంతు పెంచలేదు’ అని రాశావేం? నువ్వు బడికి వెళ్ళేదాకా ఆగేవారు, అంతే. నేనూ తగ్గేదాన్ని కాదనుకో. అదీ రాయి.”

ఆ ఇంట్లో అరుపులే లేవనుకున్న కూతురు, కుర్చీ అమ్మ దగ్గరికి జరుపుకుని కలం మూత తీసింది.