ముప్పయ్యో నిమిషం చుక్క

కెమిస్ట్రీ రికార్డులు దిద్దుతూ, ఒకమ్మాయి గ్రాఫులో ముప్పయ్యో నిమిషం దగ్గర చుక్క లేకపోవడం చూసి ఎర్ర పెన్ను తీశాను.

"ఈ రీడింగు ఏదమ్మా?"

"అప్పుడు కుదరలేదు మేడమ్," అంది ఆ అమ్మాయి తల వంచుకుని.

"అందరికీ కుదిరింది, నీకొక్కదానికే కుదరలేదా? పది నిమిషాలకోసారి బ్యూరెట్ చూడ్డానికి అంత బద్ధకమా?"

గ్రాఫు మీద వేలు పెట్టి చూపించింది. "మిగతా చుక్కలతోనే లాగ్ గీత తిన్నగా వచ్చింది మేడమ్. ప్రథమ క్రమాంక చర్యే."

"గీత సంగతి నాకు తెలుసులే. ఖాళీ గడికి మార్కుల్లేవని మొదటి రోజే చెప్పానా, లేదా?"

మూడు మార్కులు కోశాను. రికార్డు తీసుకుని వెళ్తూ గుమ్మం దగ్గర ఆగింది. "ఇప్పుడు ఒంట్లో ఎలా ఉంది మేడమ్?"

కాకా పడుతోందనుకున్నాను. "బాగానే ఉంది, వెళ్ళు," అన్నాను.

సాయంత్రం మాత్రల కోసం సంచి వెతుకుతుంటే కాలేజీ నర్సు ఇచ్చిన చీటీ చేతికి తగిలింది. ఆ ప్రయోగం రోజే నేను ల్యాబులో కళ్ళు తిరిగి పడిపోయాను. చీటీ మీద టైము పదకొండున్నర.

ఆ రోజు అందరిచేతా ప్రయోగం మొదలుపెట్టించింది సరిగ్గా పదకొండింటికి.

నేను కళ్ళు తెరిచేసరికి ఇరవైమందీ బల్లలు వదిలేసి నా చుట్టూ నిలబడి ఉన్నారు. బ్యూరెట్ల దగ్గర ఒక్కరూ లేరు.

మాత్ర మింగడం మర్చిపోయి రికార్డుల దొంతర ముందేసుకున్నాను. పంతొమ్మిది గ్రాఫుల్లోనూ ముప్పయ్యో నిమిషం చుక్క ఉంది, చక్కగా గీత మీదే.

పంతొమ్మిదింటి కిందా నా చేతిరాతే: వెరీ గుడ్.