గాలి లేని రోజు

అడవిలో ప్రతి చెట్టుకూ గొంతు అమర్చాక మారేడుమిల్లి కొండల్లో నిశ్శబ్దమనేదే లేకుండా పోయింది. ఒకటి దాహమంటుంది, ఇంకొకటి చీమలు కుడుతున్నాయని నస పెడుతుంది. బుల్లెమ్మకు మాత్రం వాగు పక్కనున్న తెల్లపూల పొదంటే ప్రాణం. ఆ జాతిలో మిగిలింది అదొక్కటే. తేనెటీగలు లేవు కనుక కోడి ఈకతో పువ్వు నుంచి పువ్వుకు పుప్పొడి అద్దడమే ఆమె ఉద్యోగం.

ఆ ఏడాది పూసినవే మూడు పువ్వులు. వాటి గింజలతోనే కొత్త మొక్కలు రావాలి. పని ముగించి, పొదతో మాటల్లో పడి, బుల్లెమ్మ ఒక పువ్వు తుంచి జడలో తురుముకుంది. తురుముకున్నాక గానీ తెలియలేదు, తన చెయ్యి ఎంత పని చేసిందో.

"అక్కా, చురుక్కుమంది. ఏమైంది?" అంది పొద. దానికి గొంతే గానీ కళ్ళు లేవు.

"గాలికి ఒకటి రాలిపోయిందమ్మా."

"అయ్యో! నీ కంట్లో దుమ్ము పడలేదు కదా?"

బుల్లెమ్మ పువ్వు తీసి కొంగులో దాచుకుంది.

మర్నాడు ఆకు కూడా కదలడం లేదు. ఆమె అడుగుల చప్పుడు వినగానే పొద బెదురుగా అంది:

"వచ్చావా అక్కా? కాస్త నాకు అడ్డంగా నిలబడవూ? మళ్ళీ గాలొస్తుందేమోనని భయంగా ఉంది."