నీలం డబ్బా మందు

రండయ్యా రండి, దగ్గరికి జరగండి. వక్కాకు నమిలేవాళ్లు నమలండి, మాటలు మాత్రం మింగేయండి.

తొంభై ఏడులో శామీర్‌పేట పక్కన అలియాబాద్‌లో, అమీర్ అలీ ద్రాక్షతోటకు బూడిద తెగులు పట్టింది. గుత్తులన్నీ పౌడరు పూసుకున్న పెళ్లికొడుకుల్లా తెల్లబడ్డాయి.

నీలం డబ్బా మందు కొట్టాడు. తగ్గింది.

మళ్లీ వచ్చింది. రెండింతలు కొట్టాడు.

మళ్లీ వచ్చింది. మూడింతలు కొడితే ఆ ఘాటుకు శామీర్‌పేట చెరువులో కొంగలు తుమ్మాయి గానీ, తెగులు కదల్లేదు.

అల్వాల్ నుంచి రోజూ బస్సులో ఒక ముసలాయన వచ్చి కంచె దగ్గర నిలబడేవాడు. రాలిన ఆకులు ఏరి సంచిలో వేసుకునేవాడు. పేరు రఘునందన్ అట. ఊరు మాత్రం 'ఆకుల సారు' అనేది.

"అమీర్ అలీ గారూ, ఆ మందు ఆపేయండి."

"ఎందుకాపాలె? మా అబ్బా నాటిన తీగలివి. ఈ పంట బోతే పందిరి పీకుడే ఇగ!"

"మొదటిసారి కొట్టినప్పుడు ఆ బూజులో ఏ కాస్తో చావకుండా మిగిలింది. దాని సంతానమే ఇప్పుడు తోటంతా. ఈ మందుకది చావదు. తెగులు కొమ్మలు కోసి కాల్చేయండి, వేరే మందు కొట్టండి."

"గా వేరే మందు అమ్మేటోనివా?"

"కాదండీ."

"మరి నీకేం పరేషాన్ సారూ? ఆకులేరుకొని పో!"

పోయాడు. మర్నాడు మళ్లీ వచ్చాడు. ఇరవై రోజులు వచ్చాడు. ఇరవై ఒకటో రోజు రాలేదు.

అమీర్ అలీదీ అంతే పంతం. నాలుగింతలు కొట్టాడు.

కాయలు పగిలాయి. ఒక్క గుత్తి చేతికి రాలేదు.

ఖాళీ డబ్బా పట్టుకుని మేడ్చల్‌లో పురుగుమందుల కొట్టుకు ఉరికాడు.

"బాలనర్సయ్యా! గీ మందు తయారు జేసినోడెవడు? వాని గల్ల పట్టకుంటె నేను అమీర్ అలీనే గాదు!"

బాలనర్సయ్య పాత పేపరు తీసి, చిన్న ఫోటో మీద వేలు పెట్టాడు.

"ఎట్ల పడ్తవ్ భాయ్? పోయిన మంగళారం కాలం జేసిండు. నీ కంచె కాడ నిలవడ్డ రఘునందన్ సారే."

డబ్బా కింద పడింది.

మర్నాడు పొద్దున్నే, చేతిలో తెల్లబడ్డ ఆకుతో, అమీర్ అలీ పక్కతోట గండయ్య కంచె దగ్గర నిలబడ్డాడు.

"గండన్నా, గా నీలం డబ్బా ఆపు. ఇనేదాంక రోజూ వస్త."

దారిన పోతున్న ఇస్తారి ఆగి, గుండెలు బాదుకున్నాడు.

"అయ్యో, గా సారుకు పట్టింది గీయనకు గూడ అంటుకున్నది! జల్ది ఓ నీలం డబ్బా దెండ్రి, ఈయన మీద కొడదం!"