కొంగు మీద పసుపు

ఎదుటి మనిషి చీర చూసి ముచ్చటపడితే చాలు, మన చీర కూడా అచ్చం అలాగే మారిపోయే రోజులవి. అలా ఎవరైనా మెచ్చినప్పుడు, మెప్పించిన చీర కొంగుకున్న మువ్వ మోగుతుంది. నలభై దాటాక జోషిత మువ్వ ఒక్కసారీ మోగలేదు. ఎదురింటి విహారికదీ అదే వయసు. ఆమె మువ్వకు మాత్రం తీరికే లేదు.

ఆదివారం జోషిత వంటింటి కిటికీ దగ్గర పులిహోర కలుపుతుంటే తన మువ్వ మోగింది. ఉలిక్కిపడి తలెత్తేసరికి, ఎదురు బాల్కనీలోంచి విహారిక గబుక్కున లోపలికి వెళ్లిపోయింది.

మర్నాడు బస్టాపులో విహారిక చుట్టూ ఆడవాళ్లు మూగారు.

"కొంగు మీద ఆ పసుపు పువ్వు ఎంత బాగుందే! ఎక్కడ చూశావు?"

"ఎక్కడా చూడలేదే, నాకే అలా తోచింది," అంది విహారిక. ఆమె మువ్వ ఆగకుండా మోగుతోంది.

అది పువ్వు కాదు. జోషిత చెయ్యి తుడుచుకున్న మరక.

కాస్త దూరంలో బస్సు కోసం నిలబడి వింటున్న జోషితకు ఒళ్లు మండిపోయింది. సాయంత్రం ఇంటికి రాగానే నిన్నటి చీర తీసి, వంటింటి సింకులో కొంగును సబ్బుపెట్టి రుద్దింది. సబ్బు తగలగానే పసుపు మరక ఎర్రగా మారింది.

ఆమె చెయ్యి ఆగింది. ఇలాంటి పువ్వు ఇంకా ఎవరి దగ్గరా లేదు.

ముందు వెళ్లి కిటికీ మూసేసింది.