మేత పోరంబోకు

"గడ్డి చదివేదానికి నెలనెలా స్టైపెండంట! మన ఎనుములకి ఎప్పుడో డాక్టరేటు వచ్చుండాల." వెంకటేశప్ప నవ్వుతూ రాగిముద్ద విరిచాడు.

"ఫీజు కూడా యూనివర్సిటీ వాళ్లదే నాయనా," అంది కూతురు లక్ష్మీప్రియ. "రేపటిలోగా ఒప్పుకోకపోతే సీటు పోతుంది."

"హోసూరు కంపెనీలో ఏసీ కింద వచ్చిన ఉద్యోగమైతే చేదు. అడవిలో పేడ ఏరేది ముద్దు!"

అలివేలమ్మ భర్త పళ్లెంలో ఉలవచారు పోసింది. "ఆడ ఏం నేర్పిస్తారమ్మా?"

"చెరువులు, అడవులు, మేత పోరంబోకులు... ఊరందరి నేలని ఎట్ల కాపాడాలని. ముందు ఎవరి ఊర్లో వాళ్లే కొలవాల, ఎంత మిగిలిందో."

వెంకటేశప్ప చెయ్యి ముద్ద మీదే ఆగిపోయింది. "మన ఊర్లో కొలిచేదానికి ఏముంది? ఏమీ లేదు."

ఈసారి అతను నవ్వలేదు.

అలివేలమ్మ కిటికీలోంచి చూసింది. నిరుడు ఊరి పశువులన్నీ మేసిన పోరంబోకు ఇప్పుడు వాళ్ల కంచె లోపల, రోజాపూల షెడ్డు కింద ఉంది.

"నీకు చదువంటే లోకువనుకుంటిని. కొలుస్తారని భయమా!" ఎంగిలి విస్తరిని చూసినట్టు భర్తను చూసింది.

"నోరు ముయ్యే."

ఆమె కూతురి వైపు తిరిగింది. "ఒప్పుకున్నానని చెప్పెయ్యమ్మా. కొలిచేదానికి మన కంచె కాడికే ముందు రా. టేపు ఇంకో కొస నేను పట్టుకుంటా."